పాఠం 14: చెరువు గట్టున బోర్డు – హ్యూస్టన్ ఎలిగేటర్లు

ఈ పాఠంలో నేర్చుకునేవి: మన చుట్టుపక్కల ఉండే ఒక జంతువు గురించి తెలుగులో చదవడం. "వద్దు" అనే మాటను పెద్దవాళ్ళకు మర్యాదగా చెప్పడం.

కొత్త మాటలు

మొసలి – ఎలిగేటర్, క్రోకడైల్ రెండింటికీ తెలుగులో వాడే మాట. ఎక్కువ ఉంటే మొసళ్ళు. (నెమలి–నెమళ్ళు లాగే. కానీ పులి–పులులు!)
గట్టు – చెరువు చుట్టూ ఎత్తుగా ఉండే అంచు
దవడ – నోట్లో పళ్ళు ఉండే ఎముక
మేత – జంతువులు తినే తిండి
పొదగడం – గుడ్లను వెచ్చగా ఉంచి పిల్లలు అయ్యేలా చేయడం
జరిమానా – తప్పు చేస్తే కట్టే డబ్బు
మచ్చిక – మనుషులంటే భయం పోయి అలవాటు పడడం

చదువుదాం

మీరు హ్యూస్టన్‌లో గానీ, షుగర్ ల్యాండ్, మిస్సోరి సిటీ వైపు గానీ ఉంటే మీ కాలనీలో ఒక చెరువు ఉండే ఉంటుంది. చుట్టూ నడిచే దారి, నీళ్ళలో బాతులు, ఒక పక్కన బోర్డు. ఆ బోర్డు మీద ఎలిగేటర్ బొమ్మ చూశారా? అది అలంకారానికి పెట్టింది కాదు.

హ్యూస్టన్ సముద్రానికి దగ్గరగా, చదునుగా ఉన్న ఊరు. ఇక్కడ బయూలు చాలా ఉన్నాయి. బయూ అంటే మన వాగులాంటిదే, కానీ నీళ్ళు నెమ్మదిగా కదులుతాయి. బయూలు, చిత్తడి నేలలు, బ్రేజోస్ నది – ఇవన్నీ ఊరు పెరగకముందు నుంచీ ఎలిగేటర్ల ఇళ్ళు. మనం కొత్త ఇళ్ళు కట్టుకుంటూ వాటి ఇంటి దాకా వెళ్ళాం. వాన నీళ్ళు నిలవడానికి తవ్విన చెరువులు వాటికి కూడా నచ్చాయి. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చి ఊరంతా మునిగినప్పుడు, నీళ్ళతో పాటు ఎలిగేటర్లు కూడా ఇళ్ళ దగ్గరికి వచ్చాయి.

వాటిని క్షేమంగా చూడాలంటే నీడ్‌విల్ దగ్గర ఉన్న బ్రేజోస్ బెండ్ స్టేట్ పార్కుకు వెళ్ళండి. ఎల్మ్ లేక్, ఫార్టీ ఏకర్ లేక్ గట్ల మీద అవి ఎండ కాచుకుంటూ పడుకుని ఉంటాయి. ఊరికి ఈశాన్యంగా ఉన్న షెల్డన్ లేక్ పార్కులో కూడా ఉంటాయి.

*పోయి, మళ్ళీ వచ్చిన జంతువు*

ఒకప్పుడు చర్మం కోసం వీటిని విపరీతంగా వేటాడారు. బూట్లు, బెల్టులు, బ్యాగులు చేసేవాళ్ళు. దాదాపు లేకుండా పోయే పరిస్థితి వచ్చింది. 1967లో అమెరికా ప్రభుత్వం వీటిని అంతరించిపోయే ప్రమాదం ఉన్న జంతువుల జాబితాలో చేర్చింది. వేట ఆగింది, సంఖ్య పెరిగింది. 1987లో "ఇవి పూర్తిగా కోలుకున్నాయి" అని ప్రకటించారు. అంటే మీ చెరువులో ఎలిగేటర్ ఉందంటే, ఒక మంచి చట్టం పనిచేసిందని కూడా అర్థం.

*గుడ్డు నుంచి గట్టు దాకా*

తల్లి ఎలిగేటర్ జూన్ నెలలో ఆకులు, బురద, గడ్డి పోగుచేసి గూడు కడుతుంది. అందులో 35 నుంచి 50 దాకా గుడ్లు పెడుతుంది. కోడిలాగా గుడ్ల మీద కూర్చుని పొదగదు. కుళ్ళుతున్న ఆకుల వేడే గుడ్లను పొదుగుతుంది. ఇంకో వింత ఉంది. పుట్టేది ఆడపిల్లో మగపిల్లో నిర్ణయించేది కూడా ఆ వేడే! గూడు 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే ఎక్కువగా మగవి, 30 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉంటే ఆడవి పుడతాయి.

సుమారు 65 రోజులకు పిల్లలు గుడ్డు లోపలి నుంచే కీచుమని పిలుస్తాయి. తల్లి గూడు తవ్వి, పిల్లల్ని నోట్లో పెట్టుకుని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్తుంది. అంత పెద్ద పళ్ళున్న నోట్లో ఒక్క పిల్లకూ గీత పడదు. పిల్లల ఒంటి మీద పసుపు చారలు ఉంటాయి. అవి చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. కానీ పిల్లలు కనిపిస్తే తల్లి దగ్గర్లోనే ఉందని గుర్తుపెట్టుకోండి. వెంటనే వెనక్కి వచ్చేయండి.

*ఇది మన మొసలేనా?*

తెలుగులో రెండింటినీ మొసలి అనే అంటాం. నిజానికి ఇవి దాయాదుల్లాంటివి, వేరు వేరు కుటుంబాలు. ఎలిగేటర్లలో ఇప్పుడు రెండే జాతులు ఉన్నాయి: ఒకటి అమెరికాలో, ఒకటి చైనాలో. మన తెలుగు నేల మీద ఉండేది మగ్గర్ జాతి మొసలి. తెలంగాణలో సంగారెడ్డి దగ్గర మంజీరా జలాశయంలో ఇవి ఉంటాయి. హైదరాబాదుకు తాగునీళ్ళు ఇచ్చిన జలాశయం అది.

ఎలా గుర్తుపట్టాలి? మూతి వెడల్పుగా ఉంటే ఎలిగేటర్, సన్నగా ఉంటే క్రోకడైల్ అని చాలామంది చెప్తారు. మన మగ్గర్ విషయంలో ఈ లెక్క సరిగ్గా కుదరదు, దాని మూతి కూడా వెడల్పే. పళ్ళు చూడడం మంచి పద్ధతి. నోరు మూసినప్పుడు కింది దవడలోని నాలుగో పన్ను బయటికి కనబడితే క్రోకడైల్. కనబడకపోతే ఎలిగేటర్. అయితే ఈ పరీక్ష ఫొటో చూసి చేయండి, గట్టు మీద కాదు!

గజేంద్ర మోక్షం కథ విన్నారు కదా? అందులో ఏనుగు కాలు పట్టుకున్న మకరి అంటే మొసలే. ఏనుగంత జంతువు నీళ్ళలో ఎందుకు ఓడిపోతుంది? దీన్నే పెద్దవాళ్ళు "స్థానబలం" అంటారు. ఎవరి చోట వాళ్ళకే బలం. నీటి అంచు ఎలిగేటర్ చోటు.

సంభాషణ

తాతయ్య ఇండియా నుంచి వచ్చారు. నందు, తాతయ్య సాయంత్రం చెరువు దగ్గర నడుస్తున్నారు.

తాతయ్య: మరమరాలు తెచ్చాను రా బంగారం, చేపలకు వేద్దాం. మన ఊరి కోనేట్లో రోజూ వేసేవాణ్ణి.
నందు: ఒక్క నిమిషం ఆగండి తాతయ్యా. ఇక్కడ వేయకూడదట. ఆ బోర్డు చూశారా?
తాతయ్య: అంతా ఇంగ్లీషులో ఉంది కదరా. ఏముంది అందులో?
నందు: ఈ నీళ్ళలో ఎలిగేటర్లు ఉంటాయట. మేత వేస్తే జరిమానా అట.
తాతయ్య: నేను వేసేది చేపలకు కదా, మొసలికి కాదుగా!
నందు: చేపలు, బాతులు ఒకచోట చేరితే వాటి కోసం అదీ వస్తుంది. మనుషులు కనబడితే తిండి దొరుకుతుందని అలవాటు పడుతుంది.
తాతయ్య: పడితే?
నందు: భయం పోతుంది తాతయ్యా. మనుషుల దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు ప్రమాదమని దాన్ని పట్టుకుపోతారు. కొన్నిసార్లు చంపేస్తారు కూడా.
తాతయ్య: అయ్యో! మనం పెట్టిన తిండే దానికి ఉరి అవుతుందన్నమాట. అయితే పద, ఈ మరమరాల్లో ఉల్లిపాయ, కారం కలుపుకుని మనమే తిందాం.

భాష తెలుసుకుందాం: వద్దని చెప్పడం ఎలా?

వేయకు – తమ్ముడికి, చెల్లికి, స్నేహితులకు
వేయకండి – తాతయ్యకు, టీచరుకు, తెలియని పెద్దవాళ్ళకు
వేయొద్దు – మాట్లాడేటప్పుడు ఎక్కువగా వాడేది
వేయకూడదు – ఇది నియమం, అందరికీ ఒకటే

కొన్ని ఇళ్ళలో అమ్మమ్మను "నువ్వు" అంటారు, కొన్ని ఇళ్ళలో "మీరు" అంటారు. మీ ఇంటి పద్ధతే మీకు సరైనది.

నందు ఏమన్నాడో మళ్ళీ చూడండి. "వేయకండి" అనలేదు. "వేయకూడదట" అన్నాడు. చివర "ట" చేర్చితే "అలా రాసి ఉంది, అలా అంటున్నారు" అని అర్థం. తాతయ్యకు ఆజ్ఞ ఇచ్చినట్టు ఉండదు, విషయం మాత్రం స్పష్టంగా అందుతుంది. చేపలకు మేత వేయడం ఆయనకు పుణ్యం. ఆ మనసును తప్పు పట్టకుండా, ఇక్కడి సంగతి చెప్పాలి.

గుర్తుపెట్టుకోండి

1. ఎలిగేటర్‌కు కనీసం 30 అడుగుల దూరంలో ఉండాలి. అంటే సుమారు రెండు కార్ల పొడవు.
2. మేత వేయకూడదు. టెక్సాస్‌లో అది నేరం, 500 డాలర్ల దాకా జరిమానా ఉంటుంది.
3. చీకటి పడ్డాక నీటి అంచుకు వెళ్ళకూడదు. అవి చురుగ్గా వేటాడేది అప్పుడే. టెక్సాస్‌లో మనిషి ప్రాణం పోవడం చాలా చాలా అరుదు. కానీ 2015లో ఆరెంజ్ అనే ఊళ్ళో రాత్రిపూట ఈతకు దిగిన ఒక యువకుడు చనిపోయాడు.
4. కుక్కపిల్లను తాడు లేకుండా వదలకూడదు.
5. బుసకొడితే మీరు మరీ దగ్గరికి వచ్చారని అర్థం. మెల్లగా వెనక్కి నడవండి.
6. బతుకమ్మను, వినాయకుణ్ణి చెరువులో వదలాలనుకుంటే ముందు ఆ చెరువు చూసుకునేవాళ్ళను అడగండి. అనుమతి లేకపోతే ఇంట్లో పెద్ద టబ్బులో నీళ్ళు పోసి వదలొచ్చు.

అభ్యాసం

అ. జవాబులు చెప్పండి.
1. ఎలిగేటర్ గుడ్లను ఏది పొదుగుతుంది?
2. 1967లో, 1987లో ఏం జరిగింది?
3. చేపలకు మేత వేస్తే ఎలిగేటర్‌కు ఎలా నష్టం?

ఆ. ఉదాహరణ చూసి రాయండి.
వేయు: వేయకు – వేయకండి – వేయకూడదు
దిగు: ________
వెళ్ళు: ________
తాకు: ________

ఇ. "ట" చేర్చి తాతయ్యకు చెప్పండి.
1. ఇక్కడ ఈత కొట్టకూడదు.
2. ఈ దారి రాత్రి ఎనిమిదికి మూసేస్తారు.

ఈ. ఇంటి పని: మీ ఇంటి దగ్గర ఉన్న ఏదైనా ఒక హెచ్చరిక బోర్డు ఫొటో తీయండి. దాన్ని మూడు వాక్యాల్లో తెలుగులో రాసి, ఫోన్లో మీ అమ్మమ్మకో నానమ్మకో చదివి వినిపించండి. వాళ్ళకు ఎక్కడ అర్థం కాలేదో ఆ వాక్యం మార్చి రాయండి. వాళ్ళు ఇక్కడికి వచ్చినప్పుడు ఆ బోర్డులు చదివి చెప్పేది మీరే.