క్షయ మందులు – మన కార్జం

ఈసారి గోడపత్రికలో ఆరోగ్యం శీర్షిక నాకు వచ్చింది. పుస్తకంలోది ఎత్తి రాయకుండా మా ఇంట్లో జరిగినదే రాస్తున్నాను.

మాది శామీర్‌పేట దగ్గర తండా. మా కాక మేడ్చల్‌లో మేస్త్రీ పని చేస్తాడు. రోజుకు ఒక కట్ట బీడీలు కాల్చేవాడు. రెండేళ్ళ కింద తెమడ పరీక్షలో క్షయ, అంటే టి.బి. అని తేలింది. మందులు మొదలైన రెండో రోజే మూత్రం ఎర్రగా వచ్చింది. "నెత్తురు పోతున్నది" అని గోలీలు బంద్ చేసిండు. ఆశా అక్క వచ్చి, "అది రిఫాంపిసిన్ గోలీ రంగు అన్నా, భయం లేదు" అంటే మళ్ళీ మింగిండు.

నెల దాటినాక అన్నం సయించలేదు. వాంతులు అయినయి, కళ్ళు పచ్చబడ్డయి. కాక "ఇది గూడ గోలీ రంగే" అని వారం ఊరుకున్నడు. తర్వాత ఎవరో ఇచ్చిన పసరు తాగిండు. చివరికి లేవలేని స్థితిలో ఆస్పత్రికి తీసుకుపోయినం.

ఎందుకు ఇట్ల అయింది? మనం మింగిన మందును మార్చి బయటికి పంపే పని కాలేయానిది, అంటే కార్జానిది. క్షయకు మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అనే 4 మందులు ఇస్తారు. మొదటి మూడు మందులు కొందరి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. 1952 నుండి క్షయకు వాడుతున్న ఐసోనియాజిడ్‌ను మార్చేది ఎన్.ఎ.టి.-2 అనే ఎంజైము. దాని జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తుంది. రెండూ మందకొడివైతే మందు ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, కాలేయానికి ప్రమాదం పెరుగుతుంది. దక్షిణ భారతదేశంలో నూటికి దాదాపు 60 మంది ఇట్లాంటివారే. జపానులో నూటికి 10 మందే. ఇది జబ్బు కాదు, రక్తం గ్రూపు లాంటి తేడా. వీరిలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా మందులు పూర్తి చేస్తారు.

మరి బీడీ? పొగ కాలేయంలోని కొన్ని ఎంజైములను ఎక్కువ పని చేయిస్తుంది. అందువల్ల కాలేయం దెబ్బ పెరుగుతుందా అన్నదానిపై పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. కానీ పొగ తాగేవారికి క్షయ రావడం, తగ్గినాక తిరగబెట్టడం ఎక్కువ అన్నది ఖాయం. సారా అయితే కాలేయానికి నేరుగా శత్రువు. హెపటైటిస్-బి ఉన్నా ప్రమాదమే. ఆ జబ్బుకు మన దేశంలో జన్యు పద్ధతిలో తయారైన మొదటి టీకా 1997లో మన మేడ్చల్ ప్రాంతపు శాంతా బయోటెక్నిక్స్ నుండే వచ్చింది.

గుర్తుంచుకోండి:

1. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వచ్చి మనిషి మామూలుగా ఉంటే భయం లేదు. గోలీలు ఆపవద్దు.

2. కళ్ళు పచ్చబడినా, వాంతులు పట్టుకున్నా, ఆకలి చచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. పసరు తాగవద్దు.

3. మందు ఆపాలన్నా, మళ్ళీ మొదలుపెట్టాలన్నా డాక్టరే చెప్పాలి.

మా కాకకు ముందు మందులు ఆపి, రక్త పరీక్షలు చేసి, కాలేయం కుదురుకున్నాక ఒక్కొక్కటే మళ్ళీ మొదలుపెట్టారు. కోర్సు పూర్తయింది, మళ్ళీ పనికి పోతున్నాడు. పుట్టుకతో వచ్చిన జన్యువును మార్చుకోలేడు గాని బీడీ మాత్రం మానిండు.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఈ మూడు మాటలు మీ వాళ్ళకు చెప్పండి. హాస్టల్ వెనక గోడ దగ్గర బీడీ ముక్కలు పారేసేవారు కూడా ఇది చదవగలరని మనవి.

ఇట్లు,
మీ 9వ తరగతి మిత్రుడు