తీపి ఎక్కడికి పోయింది?

శివరాత్రి నాటికి ఆత్మకూరు అంగళ్లలోకి ద్రాక్షపండ్లు వస్తాయి. పిల్లలు కొనిపెట్టమని మారాం చేస్తారు.

ద్రాక్ష తీగమొక్క. దాన్ని పందిరికి పాకిస్తారు. మన తెలుగునేలలో తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో కత్తిరిస్తే కొత్త కొమ్మలు వస్తాయి. అక్టోబరులో కత్తిరిస్తే పూత, కాత వస్తాయి. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల తోటల్లో పండిన అనాబెషాహి ద్రాక్షకు ఎంతో పేరు.

ఆకులు ఎండ సాయంతో చక్కెర తయారుచేస్తాయి. అది పండులోకి చేరుతుంది. అందుకే పండు మాగేకొద్దీ తీపి పెరుగుతుంది.

ఈ పండ్లను పిసికి, రసాన్ని కుండలో ఉంచితే ఏమవుతుంది? కొన్ని రోజులకు బుడగలు వస్తాయి. నురుగు పొంగుతుంది. రసంలో తీపి తగ్గిపోతుంది.

మరి తీపి ఎక్కడికి పోయింది?

ఈస్టు తినేసింది! ఈస్టు కంటికి కనిపించనంత చిన్న జీవి. అది చక్కెరను తిని రెండింటిని వదులుతుంది. ఒకటి గాలి. బుడగలు అవే. రెండోది ఆల్కహాలు. మత్తు ఎక్కించేది ఇదే. పులియడానికి కారణం ఇలాంటి జీవులేనని ఫ్రాన్సు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1860 ప్రాంతంలో చూపించాడు.

ఇలా పులిసిన ద్రాక్షరసమే వైను. అందులో నూటికి సుమారు 12 పాళ్లు ఆల్కహాలు. అది మరీ పెరిగితే చివరికి ఈస్టు కూడా చచ్చిపోతుంది.

నల్లమలలో రాలే ఇప్పపూలూ తీపివే. నీళ్లలో నానితే అవీ పులుస్తాయి. పులిసినదాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి పడితే సారా. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే ఆవిరిలో ఆల్కహాలు ఎక్కువ. సారాలో మత్తూ ఎక్కువ.

"పండ్లరసమే గదా, తాగితే ఒంటికి బలం" అంటారు కొందరు మగవాళ్లు. ఆ మాట నమ్మవద్దు. పండులోని చక్కెర ఈస్టుకు మేత అయిపోయింది. మిగిలిన ఆల్కహాలు కాలేయాన్ని, అంటే కార్జాన్ని, చెడగొడుతుంది. ఇంటికి రావలసిన కూలిడబ్బును మింగుతుంది.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకున్నారు. తమ కష్టాలకు కారణం ఆలోచించారు. 1990ల తొలినాళ్లలో అందరూ ఒక్కటై ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది.

ఆలోచించండి, మాట్లాడుకోండి:

1. రసం పులిస్తే తీపి ఎందుకు తగ్గుతుంది?
2. వైను కంటే సారాలో మత్తు ఎందుకు ఎక్కువ?
3. ఒకరోజు తాగుడుకు పోయే డబ్బుతో పిల్లలకు ఎన్ని పండ్లు వస్తాయి? లెక్క రాయండి.