పెన్‌డ్రైవునకు ఫైలు చేరు వేగమును కొలుచుట

మా వార్షిక సంచిక పుటలను శ్రీకాకుళములో కూర్చి, విజయనగరములోని ముద్రణాలయమునకు పెన్‌డ్రైవులో తీసికొనిపోవుట మాకు అలవాటు. ఒకమారు తెలుగు, ఉర్దూ విభాగములను లినక్సు యంత్రమునుండి కాపీ చేసితిమి. కొద్ది సెకన్లలోనే పని ముగిసినట్లు తెరపై కనబడినది. బండికి వేళయైనదని పెన్‌డ్రైవును లాగుకొని ఆమదాలవలస స్టేషనునకు పరుగెత్తితిమి. విజయనగరములో తెరచి చూడగా తెలుగు పుటలు చక్కగా నున్నవి. ఉర్దూ ఫైలు సగములో తెగియున్నది. సుమారు 70 కిలోమీటర్లు మరల వెనుకకు రావలసివచ్చెను. దోషము మాదే. అయినను ఆ "కొద్ది సెకన్ల" లెక్క ఎక్కడిదని విచారించితిమి.

సరుకు ఆమదాలవలస గూడ్సు షెడ్డులో దింపినంత మాత్రమున విజయనగరము చేరినట్లు కాదు గదా! లినక్సు కూడ ఫైలును మొదట యంత్రపు జ్ఞాపకశక్తిలో, అనగా ర్యామ్‌లో నిలువచేసి, పని ముగిసినదని చెప్పును. పెన్‌డ్రైవునకు వ్రాయుట పిదప తీరికగా సాగును. వ్రాయని భాగము సాధారణముగా 30 సెకన్లవరకు అట్లే వేచియుండవచ్చును. కనుక తెరపై కనబడు వేగము షెడ్డునకు చేరిన వేగమే.

అది అసత్యమని గుర్తించుటకు చిన్న గణితము చాలును. 2000వ సంవత్సరమున వెలువడిన యూఎస్‌బీ 2.0 ప్రమాణమున గరిష్ఠ వేగము సెకనుకు 480 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైటు గనుక అది 60 మెగాబైట్లు. ఆచరణలో అంతయు లభింపదు. అట్టి పెన్‌డ్రైవునకు తెరపై 200 అని కనబడినచో నమ్మరాదు.

సరియైన కొలతకు 'సింక్' అను ఆదేశము కావలెను. నిలువయున్నదంతయు వ్రాసి ముగియువరకు అది వేచియుండును. ఉదాహరణకు 600 మెగాబైట్ల ఫైలు కాపీకి 3 సెకన్లు, పిదప సింక్‌నకు 57 సెకన్లు పట్టినదనుకొందము. వేగము 200 కాదు, 10 మాత్రమే. ఇచ్చట విద్యార్థులు తరచు పొరబడు చోటొకటి కలదు. 'టైమ్' అని ముందు వ్రాసి, కాపీ ఆదేశము తరువాత సెమికోలన్ పెట్టి 'సింక్' వ్రాసినచో, గడియారము కాపీతోనే ఆగిపోవును. రెండు ఆదేశములను కుండలీకరణములలో చేర్చి, వాని ముందు 'టైమ్' ఉంచవలెను. సింక్ ఇతర డిస్కుల నిలువలను కూడ వ్రాయించును గనుక మిగిలిన పనులను ముందే మూసివేయుట మేలు. 'డీడీ' ఆదేశమునకు 'ఎఫ్‌సింక్' షరతు చేర్చియు కొలువవచ్చును. కాని గమ్యము పేరు తప్పినచో మొత్తము డిస్కు తుడిచిపెట్టుకొనిపోవును. క్రొత్తవారు దానిజోలికి పోకుండుటయే మంచిదని మా అభిప్రాయము.

ఫైలు చిన్నదైన కొలత నిలువదు. చాల పెన్‌డ్రైవులు ఆరంభమున చురుకుగా వ్రాసి, పిదప మందగించును. ఒక పెద్ద ఫైలుకన్న అంతే పరిమాణముగల వేయి చిన్న ఫైళ్లకు ఎక్కువ కాలము పట్టును.

వేగము తెలిసినను ప్రతి సరిగానున్నదో లేదో తెలియదు. అందులకు 'సీఎంపీ' ఆదేశముతో మూలమును, ప్రతిని పోల్చవలెను. అంతకుముందు పెన్‌డ్రైవును విధిప్రకారము విడదీసి మరల తగిలించవలెను. లేనిచో యంత్రము తన జ్ఞాపకశక్తిలోని ప్రతినే చదివి సరియని చెప్పును.