వెలి: సమూహం సభ్యుణ్ణి ఎందుకు తొలగిస్తుంది? తొలగిస్తే ఏమవుతుంది?

‘వెలి’ అన్నది రెండక్షరాల చిన్న మాట. దానికి అర్థం ‘బయట’ అని మాత్రమే. అయినప్పటికీ మన పల్లెల్లో జరిమానాకంటె, చెరసాలకంటె ఈ మాటకే ఎక్కువగా భయపడినవారున్నారు. వెలిపడిన ఇంటికి నిప్పు పుట్టదు, నీరు పుట్టదు. శుభకార్యానికి పిలుపు రాదు. ఎదురుపడినా పలకరింపు ఉండదు. ఆ పూర్వపు శిక్షయే రూపం మార్చుకొని నేడు మన చేతిలోని ఫోన్‌లో ప్రవేశించింది. వాట్సాప్ సమూహపు నిర్వాహకుడు ఒక పేరుమీద వేలు ఆనిస్తే చాలు, ఆ సభ్యుడు సమూహానికి వెలి అయిపోతాడు.

బహ్రెయిన్‌లో నివసించే మనవంటి వారికి ఇది కేవలం కాలక్షేప విషయం కాదు. ఈ చిన్న దేశంలో మూడు లక్షలకు మించి భారతీయులున్నారు. వారిలోని తెలుగువారికి ఖాళీ గది ఎక్కడున్నదో తెలియడానికి, ఆస్పత్రిలో ఉన్నవానికి రక్తం దొరకడానికి, జీతం అందనివాడు ఎవరిని కలవవలెనో తెలుసుకోవడానికి, ఆఖరుకు మరణించినవాని దేహాన్ని ఇంటికి చేర్చే ఏర్పాట్లకు సైతం ఫోన్ సమూహాలే ఆధారం. ఊరు, బంధువులు, ఇరుగుపొరుగు వెనుక ఉండిపోయిన వానికి ఆ సమూహమే ఊరు. అట్టివాణ్ణి దానినుండి తొలగించడమంటే ఏమిటో శాస్త్రదృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

సమూహానికి ఈ ఆయుధం ఎందుకు?

పదిమంది కలిసి ఒక పని చేస్తున్నచోట తన వంతు కష్టం ఎగవేసి, ఫలంలో మాత్రం వాటా పుచ్చుకొనేవాడు ఒకడుంటాడు. వాణ్ణి అదుపు చేయకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు ఎర్నస్ట్ ఫెర్, సైమన్ గెక్టర్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు ఒక ప్రయోగంతో సమాధానం చెప్పారు. దాని ఫలితాలు 2002లో ‘నేచర్’ పత్రికలో వెలువడినవి. 240 మంది విద్యార్థులను నలుగురేసి జట్లుగా విభజించి, ఒక్కొక్కరికి 20 నాణేల వంతున ఇచ్చారు. ఇష్టమైనవారు ఉమ్మడి నిధిలో వేయవచ్చు, లేనివారు దాచుకోవచ్చు. మన లెక్కలో చెప్పుకుంటే, ఒకడు నిధిలో రూపాయి వేస్తే నలుగురికీ తలా 40 పైసలు వస్తాయి. అంటే జట్టుకు 1 రూపాయి 60 పైసల రాబడి; వేసినవానికి మాత్రం 60 పైసల నష్టం. అందరూ వేస్తే అందరికీ మేలే. ఏమీ వేయకుండా ఇతరుల సొమ్ము తినేవానికి ఇంకా మేలు!

ఎగవేతదారుకు శిక్ష లేనప్పుడు ఆట సాగినకొద్దీ విరాళాలు తగ్గిపోయినవి. స్వంత సొమ్ము కొంత ఖర్చుపెట్టి అయినా అతనికి జరిమానా వేసే అవకాశం కల్పించగానే విరాళాలు పెరిగినవి. తమకు ప్రత్యేక లాభం లేకపోయినా అనేకులు ఆ ఖర్చుకు వెనుదీయలేదు. కట్టుబాటు, దానిని మీరినవానికి శిక్ష లేనిదే ఉమ్మడి వ్యవహారం నిలవదని దీని సారాంశం.

ఫోన్ సమూహంలో ఉమ్మడి ఆస్తి రెండే: సభ్యుల కాలం, వారి పరస్పర విశ్వాసం. ఈ రెంటినీ కొల్లగొట్టేవారినే సాధారణంగా తొలగిస్తారు. పనికిరాని ప్రకటనలను కుప్పలుగా పోసేవారు మొదటి తెగ. వాట్సాప్ సంస్థ భారతదేశానికి సంబంధించి వెలువరించిన మొట్టమొదటి నివేదిక ప్రకారం 2021 మే 15 నుండి జూన్ 15 వరకు గల ఒక్క నెలలో 20 లక్షల ఖాతాలను నిషేధించింది. అందులో అత్యధికం యంత్రసహాయంతో గుంపుగా సందేశాలు పంపినవే. దూషణలకు, బెదిరింపులకు దిగేవారు రెండవ తెగ. వదంతులు వ్యాపింపజేసేవారు మూడవ తెగ. మారుపేర్లతో ప్రవేశించి మోసగించేవారు నాలుగవ తెగ.

ఇవి గాక ఐదవ కారణం ఒకటున్నది. దానిని ఎవరూ పైకి చెప్పరు: నిర్వాహకునికి నచ్చని మాట అనడం, లెక్క అడగడం. మొదటి నాలుగు సందర్భాల్లో తొలగింపు సమూహాన్ని కాపాడుతుంది. ఐదవ సందర్భంలో అది నిర్వాహకుణ్ణి మాత్రమే కాపాడుతుంది. ఆయుధం ఒక్కటే అయినందున చూసేవారికి ఈ భేదం వెంటనే తెలియదు.

చరిత్రలో రెండు సాక్ష్యాలు

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్సు నగరవాసులు ఏడాదికొక పర్యాయం సమావేశమై, ఎవరినైనా నగరంనుండి పంపివేయవలెనా అని నిర్ణయించుకొనేవారు. అవసరమనుకుంటే కుండపెంకులమీద పేరు గీసి ఓటు వేసేవారు. అందుకు కనీసం 6,000 పెంకులు పడవలెను. ఎన్నికైన మనిషి 10 సంవత్సరాలు నగరం విడిచిపోవలెను. అయితే అతని ఆస్తి అతనిదే. గడువు తీరగానే పూర్తి హక్కులతో తిరిగి రావచ్చు. న్యాయశీలిగా పేరొందిన అరిస్టైడిస్ అనే నాయకుడు క్రీ.పూ. 482లో ఈ విధంగానే వెళ్ళిపోయాడు. చదువురాని ఓటరొకడు అతడెవరో ఎరుగక, అరిస్టైడిస్ పేరు రాసిపెట్టమని అతనికే పెంకు అందించాడనీ, అందరూ ‘న్యాయశీలి’ అని పొగడడం విని విని విసుగెత్తినదని చెప్పాడనీ ప్లూటార్కు ఒక కథ రాశాడు. రెండేండ్లకే పారశీకులు దండెత్తగా నగరం అతణ్ణి వెనుకకు పిలిచింది. తలుపు మూసినా గడియ శాశ్వతంగా బిగించలేదు కనుకనే ఆ పిలుపు సాధ్యమయింది.

రెండవ సాక్ష్యం మన రాజమహేంద్రవరానిది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులు గారు అక్కడ మొదటి వితంతు వివాహం జరిపించారు. పూర్వాచారపరులు పంతులు గారిని, ఆ వివాహానికి తోడ్పడినవారిని వెలివేశారు. వంటవారు, నీళ్ళు మోసేవారు మానివేయగా రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదావరినుండి నీళ్ళు తెచ్చి, వంటచేసి పెట్టారు. వెలి భయంతో ప్రాయశ్చిత్తం చేసుకొని వెనుదిరిగినవారూ ఉన్నారు. వెలివేసినవారిది తప్పని కాలం తేల్చింది. ఎక్కువమంది కలిసి వేసినంతమాత్రాన వెలి న్యాయం కాజాలదు.

ఇది గతించిన కథ కూడా కాదు. తెలంగాణలోని నిజామాబాదు, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు తమ మాట వినని కుటుంబాలను వెలివేసి, వారితో మాట్లాడినవారికి జరిమానాలు విధించిన సంఘటనలు ఇటీవలి సంవత్సరాల్లో పలుమార్లు పత్రికల కెక్కినవి. గల్ఫు దేశాలకు విశేషంగా వలస వచ్చేది కూడా ఈ ప్రాంతాలనుండే. మహారాష్ట్ర శాసనసభ 2016లో ఆమోదించగా 2017లో అమలులోకి వచ్చిన చట్టం సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటించి, మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది.

వెలిపడిన మనసు

ఫోన్ సమూహంనుండి తీసివేస్తే పోయేదేమున్నదని కొందరు తేలికగా అంటారు. పోయేదేమిటో సాంఘిక మనోవిజ్ఞానం కొలిచి చూపింది. కిప్లింగ్ విలియమ్స్ అనే శాస్త్రవేత్త ఒకనాడు పార్కులో కూర్చుండగా ఇద్దరు అపరిచితులు ఆడుకొంటున్న ఫ్రిస్బీ పళ్ళెం అతని దగ్గర పడింది. అతడు తిరిగి విసరగా వారూ అతనికి విసిరి, కొద్దిసేపు ఆటలో కలుపుకొని, తరువాత మానివేశారు. అంత అల్ప విషయానికి తన మనసు అంతగా నొచ్చుకోవడం అతనికి ఆశ్చర్యం కలిగించింది. అదే ఆటను కంప్యూటర్ తెరమీదికి తెచ్చి, 2000లో అతడు, సహచరులు 62 దేశాలకు చెందిన 1,486 మందిని పరీక్షించారు. తెరమీది ఆటగాళ్ళు తమకు విసరడం మానివేయగానే వారి మనసు చిన్నబోయింది. మనిషికి అవసరమైన నాలుగు భావాలు దీనివలన దెబ్బతింటాయని విలియమ్స్ వివరించాడు: నేను వీరిలో ఒకడిననే భావం, ఆత్మగౌరవం, పరిస్థితి నా చేతిలో ఉన్నదనే ధీమా, నా ఉనికికి అర్థమున్నదనే నమ్మకం.

అవతల ఆడుతున్నది మనుషులు కారు, కంప్యూటరేనని ముందుగా చెప్పినా ఈ బాధ తగ్గలేదని 2004 నాటి ప్రయోగం చూపింది. తాము అసహ్యించుకొనే ముఠా తమను ఆడనివ్వకపోయినా బాధ కలుగుతుందని 2007లో తేలింది. 2003లో నయోమీ ఐసన్‌బర్గర్ బృందం వెలిపడిన క్షణంలో మెదడును చిత్రించి, శారీరక బాధకు సంబంధమున్న ఒక భాగం చురుకెక్కినట్లు ప్రకటించింది. ఆ భాగానికి వేరే పనులు కూడా ఉన్నవి గనుక రెండు బాధలు ఒక్కటేనా అన్న చర్చ శాస్త్రజ్ఞులలో సాగింది. ఏమైనా, తెరమీది వెలి ఉత్తుత్తి వెలి కాదన్న విషయం స్పష్టమే. గదిలో ఒంటరిగా ఉండే వలసజీవికి దీనికితోడు సమాచారం కూడా తెగిపోతుందని మరువరాదు.

సమూహానికి ఒనగూడేదేమి?

తొలగింపు ఫలించిన సందర్భాలు లేకపోలేదు. 2015లో రెడిట్ అనే సంస్థ ద్వేషప్రచారం సాగించే రెండు సమూహాలను మూసివేసింది. పది కోట్లకు మించిన రచనలను పరిశీలించి 2017లో వెలువరించిన అధ్యయనం ప్రకారం వాటి సభ్యులలో అనేకులు అక్కడ రాయడమే మానుకున్నారు. మిగిలినవారి ద్వేషపూరిత వాడుక కనీసం 80 శాతం తగ్గింది. అయితే 2021 నాటి మరొక అధ్యయనం నాణేనికి రెండవ వైపు చూపింది. వెలిపడి సొంత గూడు కట్టుకొన్న సమూహాలలో జనం తగ్గారు గాని, ఒకదానిలో మిగిలినవారి మాటలలో విషం పెరిగింది.

తొలగించే తీరును బట్టి కూడా ఫలం మారుతుంది. మూడు కోట్లకు మించిన రచనలను పరిశీలించిన 2019 నాటి అధ్యయనంలో, తమ రచనను ఎందుకు తీసివేశారో కారణం తెలిపినప్పుడు రచయితలు మళ్ళీ తప్పుచేసే అవకాశం తగ్గినట్లు కనబడింది. అన్యాయంగా తొలగింపబడినవారి ప్రవర్తన తరువాత మరింత చెడుతుందని 2015 నాటి అధ్యయనం సూచించింది. కారణం చెప్పని శిక్ష పాఠం నేర్పదు. పగ మాత్రమే నేర్పుతుంది.

వెలికి హద్దులు

ఉమ్మడి చెరువులను, కాలువలను, అడవులను తరతరాలుగా చెడకుండా కాపాడుకొన్న సంఘాలను ఎలినార్ ఆస్ట్రమ్ పరిశీలించి 1990లో ఒక గ్రంథం ప్రకటించారు. ఆమెకు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది; ఆ బహుమతి పొందిన తొలి మహిళ ఆమెయే. నిలిచిన సంఘాలలో ఆమె గుర్తించిన లక్షణాలలో రెండు మనకు ముఖ్యం: తప్పును బట్టి మెట్లుమెట్లుగా పెరిగే శిక్ష, వివాదం త్వరగా, ఖర్చు లేకుండా తీరే ఏర్పాటు. మన బందెలదొడ్డిలో ఉన్నది ఈ సూత్రమే. చేలో పడిన పశువును దొడ్డిలో కట్టివేస్తారు. యజమాని అపరాధం చెల్లిస్తే విడిచిపెడతారు. మొదటి తప్పుకే పశువును కాజేసిన ఊరు న్యాయమైన ఊరు అనిపించుకోదు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఉన్న వికీ వ్యవస్థలోనూ ఈ పద్ధతి ఉన్నది. నిరోధం కొద్ది గంటలకు గాని, కొద్ది దినాలకు గాని, నిరవధికంగా గాని ఉండవచ్చు. ఎవరు, ఎవరిని, ఎందుకు, ఎంతకాలం నిరోధించినదీ అందరూ చూడగల చిట్టాలో నమోదవుతుంది. నిరోధింపబడినవాడు తిరిగి విన్నవించుకోవచ్చు. భారతదేశంలో పెద్ద సామాజిక మాధ్యమ సంస్థల నిర్ణయాలపై అప్పీలు వినడానికి 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మూడు కమిటీలను ఏర్పరచింది. కాని ఫోన్ సమూహపు నిర్వాహకుని తీర్పుమీద అప్పీలు వినే కమిటీ ఏదీ లేదు. అక్కడ ఫిర్యాదీ, న్యాయమూర్తి, తలారి ముగ్గురూ ఒక్కరే.

కావున ఆ హద్దులను మనమే ఏర్పరచుకోవలెను. నియమాలు ముందుగా రాసి అందరికీ తెలుపవలెను. మొదట ఏకాంతంగా హెచ్చరిక, పిదప కొద్ది దినాల విరామం, ఆఖరుకు తొలగింపు — ఈ వరుస తప్పరాదు. నిర్ణయం ఒక్కరిది గాక ముగ్గురిది కావలెను. కారణం ఆ సభ్యునికి రాతపూర్వకంగా తెలుపవలెను. తిరిగి చేరడానికి గడువు చెప్పవలెను. వీసాల పేర డబ్బు దండుకొనే మోసగాడి విషయం వేరు. వాణ్ణి మౌనంగా తీసివేస్తే మరొక సమూహంలో తేలుతాడు. బహ్రెయిన్‌లో సమాచార సాంకేతిక నేరాలకు 2014 నాటి 60వ నంబరు చట్టం ఉన్నది. అట్టివాని సంగతి అధికారులకు, తోటివారికి తెలపడమే ధర్మం.

అన్నింటికంటె ముఖ్యమైన నియమం మరొకటి. చర్చలకు, కబుర్లకు ఒక సమూహం. రక్తదానం, ఆస్పత్రి, ప్రమాదం, మరణం, రాయబార కార్యాలయ ప్రకటనలు మొదలైన ఆపత్సమాచారానికి వేరొక సమూహం ఉండవలెను. మొదటిదానిలో తగవుపడినవాణ్ణి రెండవదానినుండి తీయరాదు. మాట తప్పుగా ఆడినవానికి మాట బందు చేయవచ్చును గాని, నిప్పును, నీటిని బందు చేయరాదు. సిత్రాలోనో, సల్మాబాద్‌లోనో అర్ధరాత్రి ఆపదలో చిక్కుకొన్న మనిషి సహాయం కోసం ఫోన్ తీసినప్పుడు, గత నెలలో అతడెవరితో వాదించాడన్నది అతని ప్రాణానికి అడ్డు రాకూడదు.