ఏ స్కానింగుకి భయపడాలి చెల్లీ?

రొమ్ములో గడ్డ తగిలిందంటే ఆ భయం చాలదన్నట్టు స్కానింగుల భయం ఇంకోటి. మామోగ్రామ్ అయింది, అల్ట్రాసౌండ్ అయింది, ఇప్పుడు పెట్ సీటీ రాశారు. "ఇన్ని తీయించుకుంటే లేని క్యాన్సర్ కూడా వస్తుందటగా అక్కా?" అని అడుగుతున్నారు. అనేవాళ్ళకేం, అనేసి కాఫీ తాగి వెళ్ళిపోతారు.

అన్నిటినీ ఒక్క గాటన కట్టకు. సొరంగంలాంటి గొట్టంలోకి తోసి, చెవులు చిల్లులు పడేలా మోగే ఎంఆర్‌ఐని చూస్తేనే మనకు దడ. దాంట్లో ఎక్స్‌రే కిరణాలే లేవు, అంతా అయస్కాంతం పని. అల్ట్రాసౌండ్‌లోనూ లేవు. మామోగ్రామ్‌లో ఉన్నా, రెండు రొమ్ములకీ కలిపి దాదాపు 0.4 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత ఇది). మట్టి నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 ఎలాగూ అందుతూనే ఉంటుంది.

లెక్క పెరిగేది సీటీ దగ్గర. ఛాతీ సీటీకి 6, 7 దాకా. పెట్ సీటీకైతే యంత్రాన్ని, తీసే పద్ధతిని బట్టి 10 నుంచి 25 దాకా. దానివల్ల ముప్పు బొత్తిగా లేదనను. చిన్నదే, అదీ ఏళ్ళ తర్వాతి మాట. జబ్బు ఎంతవరకూ పాకిందో తెలియక వైద్యం తప్పితే వచ్చే నష్టం ఇప్పటిది. కాబట్టి అవసరమైనప్పుడు వెనకాడకు.

అవసరమా కాదా అన్నది మాత్రం గట్టిగా అడుగు. తొలిదశలో ఉండి, పాకే ప్రమాదం తక్కువున్న రొమ్ము క్యాన్సర్‌కి పెట్, సీటీ, ఎముకల స్కాన్ అలవాటుగా రాయొద్దని అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం 2012లోనే చెప్పింది. "ఇది తీస్తే నా వైద్యంలో ఏం మారుతుంది డాక్టరుగారూ?" అని అడిగితే మంచి డాక్టరు విసుక్కోడు. నెల తప్పిన అనుమానం ఏమాత్రం ఉన్నా ముందే చెప్పు.

పెట్‌కి ఎక్కించే రేడియోధార్మిక మందు తీవ్రత 110 నిమిషాలకోసారి సగమవుతుంది. నీళ్ళు బాగా తాగు. ఆ పూటకి చంటిపిల్లల్ని ఒళ్ళోకి తీసుకోకు, కడుపుతో ఉన్నవాళ్ళకి ఎడంగా ఉండు.

నాకు ఒళ్ళు మండేది ఆసుపత్రి మారగానే మొన్న తీసిన స్కానే మళ్ళీ తీయించడం. అప్పుడప్పుడూ కారణం ఉంటుంది, చాలాసార్లు పాతది చేతిలో లేకే. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. ఫిల్ములు, సీడీ అడిగి తెచ్చుకో. డబ్బు కట్టింది నువ్వు, మొహమాటమెందుకు?