చిటికెడు ఇనుము

భీమునిపట్నం సముద్రతీరాన నడిచేవారికి ఇసుకలో అక్కడక్కడ నల్లని చారలు కనిపిస్తాయి. అలలు తేలికైన ఇసుకను లాగుకొనిపోగా మిగిలిన బరువైన ఖనిజాల పొరలవి. వాటిలో ఇల్మనైట్ ఒకటి. అది ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. దాని నుండి ఇనుమును తొలగించి శుద్ధి చేస్తే టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పొడి లభిస్తుంది. గోడల రంగులకు, ప్లాస్టిక్ వస్తువులకు తెలుపునిచ్చేది ఇదే. ఇనుము కొద్దిగా మిగిలినా తెలుపు మాసిపోతుంది కనుక కర్మాగారాలు దానిని తొలగించడానికి ఎంతో శ్రమిస్తాయి. చిత్రమేమంటే, ఇదే పొడితో నీటిని శుభ్రపరచదలచిన శాస్త్రజ్ఞులు చిటికెడు ఇనుమును మళ్ళీ దానిలో చేరుస్తున్నారు.

ఈ పొడికి ఒక దుర్గుణమున్నదని రంగుల తయారీదారులు చాలాకాలం క్రితమే గ్రహించారు. ఎండకు ఎండిన గోడను తాకితే రంగు సుద్దపొడివలె చేతికి అంటుకొంటుంది. వెలుగు సోకిన టైటానియం డయాక్సైడ్ తనను గోడకు పట్టి ఉంచే జిగురునే విచ్ఛిన్నం చేయడం అందుకొక కారణం. 1967లో టోక్యో విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థియైన అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా మార్గదర్శకత్వంలో, నీటిలో ఉంచిన టైటానియం డయాక్సైడ్ స్ఫటికంపై కాంతిని ప్రసరింపజేయగా బుడగలు వెలువడ్డాయి. నీరు ఆక్సిజన్, హైడ్రోజన్‌లుగా విడిపోతున్నదన్నమాట! 1972లో 'నేచర్' పత్రికలో ఈ విషయం వెలువడిన తరువాత, దోషమనుకొన్నది గుణంగా మారింది.

ఈ పదార్థం ఒక అర్ధవాహకం. తగిన శక్తి గల కాంతి తగిలినప్పుడు దానిలోని ఎలక్ట్రాన్ తన స్థానాన్ని విడిచి పై స్థాయికి ఎగురుతుంది. అది విడిచిన చోట రంధ్రం ఏర్పడుతుంది. రంధ్రం నీటి నుండి హైడ్రాక్సిల్ ప్రాతిపదికను పుట్టిస్తుంది. దీని ఆయుష్షు క్షణంలో అతిస్వల్ప భాగమే అయినా, ఎదుటబడిన కర్బన అణువును ముక్కలు చేయగలదు. అద్దకపు రంగైనా, పురుగుమందైనా, చివరకు చాలావరకు కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారుతుంది. పొడి మాత్రం ఖర్చుకాదు. అందుకే దానిని కాంతి ఉత్ప్రేరకం అంటారు. పని అంతా ఉపరితలంపైనే జరుగుతుంది కాబట్టి కణం ఎంత చిన్నదైతే అంత మేలు. 25 నానోమీటర్ల కణాలున్న ఒక్క గ్రాము పొడిలో కణాలన్నింటి ఉపరితలం 50 చదరపు మీటర్లను మించుతుంది.

అయితే రెండు లోపాలున్నాయి. ఎగిరిన ఎలక్ట్రాన్ చాలాసార్లు పని జరగకముందే తిరిగి రంధ్రంలో పడిపోతుంది. అంతేకాక, ఈ పొడిలో ఎక్కువ చురుకైన అనటేజ్ రూపానికి 388 నానోమీటర్లకంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతి కావాలి. ఎండలో అది నూటికి నాలుగైదు పాళ్ళే. ఇక్కడే లోహ మాదీకరణం ఉపకరిస్తుంది. స్ఫటికంలో కొన్ని టైటానియం అయాన్ల స్థానంలో ఇనుము అయాన్లు చేరితే అవి ఎలక్ట్రాన్‌ను కాసేపు నిలిపి ఉంచుతాయి. దృశ్యకాంతిలో కొంత భాగాన్ని కూడా గ్రహింపజేస్తాయి. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రజ్ఞులు 21 లోహ అయాన్లను పరీక్షించి 1994లో ఫలితాలు ప్రకటించారు. ఇనుము వంటి కొన్ని, నూరు పరమాణువులకు అర పరమాణువు లేదా అంతకంటే తక్కువ పాళ్ళలో ఎంతో మేలు చేశాయి. కోబాల్ట్, అల్యూమినియం ఉన్న శక్తినీ తగ్గించాయి. ఇనుమైనా మోతాదు మించితే ఎలక్ట్రాన్, రంధ్రం కలిసిపోయే కూడలిగా మారుతుంది. కూరలో ఉప్పు వంటిదే ఇదీ.

బాక్టీరియాపై ప్రయోగం 1985లోనే జరిగింది. ప్లాటినం చేర్చిన ఈ పొడి సమక్షంలో కాంతి ప్రసరింపజేయగా జపాన్ పరిశోధకులు ఉంచిన సూక్ష్మజీవులు ఒకటి రెండు గంటలలో నశించాయి. ప్రాతిపదికలు ముందుగా కణత్వచాన్ని ఛేదిస్తాయి. వెండి, రాగి చేరిస్తే ఆ లోహాల సహజ క్రిమిసంహారక శక్తి తోడై చీకటిలోనూ కొంత పని జరుగుతుంది. రాగి బిందెలో నీరు నిలువచేసిన మన పెద్దలకు ఇందులో సగం తెలిసినదే!

ఈ పరిశోధన మనకెంత అవసరమో పటాన్‌చెరు చెబుతుంది. అక్కడి ఔషధ పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రచురించారు. మందు వాడుతున్న రోగి రక్తంలోనూ అంత ఉండదు. అటువంటి నీటిలో పెరిగిన బాక్టీరియా మందులకు లొంగకుండా పోయే ప్రమాదమున్నది. సాధారణ శుద్ధి విధానాలు బాక్టీరియాపైనే ఆధారపడతాయి. వాటిని చంపే మందును వాటిచేతనే తినిపించడమెలా? కాంతి ఉత్ప్రేరకానికి ఆ చిక్కు లేదు. ప్రయోగశాలలలో అది ఈ మందును విచ్ఛిన్నం చేస్తున్నది.

కానీ ప్రయోగశాలలోని గాజుపాత్ర వేరు, కాలువ వేరు. బురదనీటిలో వెలుగు లోతుకు దిగదు. విచ్ఛిన్నత మధ్యలో ఆగితే మిగిలిన ముక్కలు కూడా విషపూరితం కావచ్చు. కంటికి కనిపించని కణాలను నీటి నుండి తిరిగి తీయడం అన్నింటికంటే కష్టం. వెండి వంటి లోహం నీటిలో కరిగితే చేపలకు హాని. అందుకే కొందరు పొడిని గాజుపూసలపై పూతగా పూస్తున్నారు. మరికొందరు అయస్కాంత గుణం గల ఇనుప ఆక్సైడ్ గుళికపై సిలికా పొర వేసి, దానిపై టైటానియం డయాక్సైడ్‌ను పేరుస్తున్నారు. పని ముగిశాక అయస్కాంతం చూపితే కణాలు నీటి నుండి వెలుపలికి వస్తాయి.