స్కేలు వచ్చింది సరే, ఆగేదెక్కడ?

చిరంజీవి మేనల్లుడికి,
ఏలూరు నుంచి మావయ్య ఆశీస్సులు.

స్కేళ్లన్నీ కంఠతా వచ్చాయి, అయినా గిటారు మీద సోలో వాయిస్తే మెట్లెక్కి దిగినట్టే ఉంటోంది, ఇంకే స్కేలు నేర్చుకోమంటావని అడిగావు. ఇంకేదీ వద్దు. నీకు స్వరాలు తక్కువై కాదు, ఏ స్వరం మీద ఆగాలో తెలియక ఈ చిక్కు. రుజువు నీ చేతిలోనే ఉంది. ఐదో ఫ్రెట్ దగ్గర నువ్వు రోజూ వాయించే ఎ మైనర్ పెంటటోనిక్‌లో ఉన్నవి ఎ, సి, డి, ఇ, జి. సి మేజర్ పెంటటోనిక్‌లోనూ అవే ఐదు. సి ని షడ్జమం చేసుకుని అక్కడికే చేరుతూ ఉంటే మోహనం ఛాయ వస్తుంది, ఎ ని చేసుకుంటే శుద్ధ ధన్యాసి. మన విద్వాంసులు గ్రహభేదం అనేది దీన్నే. ఒక్క స్వరం కూడా మారకుండా రాగమే మారిపోయిందంటే, పాటను నిలబెట్టేది స్వరాల పట్టిక కాదన్నమాట.

పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ సంగతే చూడు. నువ్వుండే తాడేపల్లిగూడెం, ఆయన పాలకొల్లు ఒకే జిల్లాలోవి. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే, విన్నదాన్ని పిల్లవాడు తీగల మీద పలికించేవాడు. వేళ్లకు అలవాటైన దారిలో పాట పోలేదు, గొంతులోంచి వచ్చిన పాటకు వేళ్లే దారి వెతుక్కున్నాయి. 1978లో, కొల్లేటికి అవతల గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. మాండొలిన్ మీద గమకం పలకదన్నవాళ్లకు జవాబుగా జంట తీగలు తీసేసి, ఎలక్ట్రిక్ వాద్యానికి ఐదు ఒంటి తీగలు బిగించుకున్నారు. తరవాత రిమెంబర్ శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారుకు దీటుగా వాయించింది ఆ వాద్యంతోనే.

"అది కర్ణాటక సంగీతం మావయ్యా, అక్కడ శ్రుతి కదలదు, నా వెనక కార్డులు మారుతుంటాయి" అంటావు. ఆ మాట నిజమే. అందుకే ఆగే చోటు నీకు మరీ ముఖ్యం. ఎ మైనర్, ఎఫ్, సి, జి వరసగా తిరుగుతున్నాయనుకో. మూడో తీగ ఐదో ఫ్రెట్‌లో సి ఉంది. మొదటి మూడు కార్డుల్లోనూ ఆ స్వరం ఉంది కనక ఎంతసేపు నిలిచినా ఇబ్బంది లేదు. జి రాగానే అదే స్వరం వేలాడుతుంది, రెండు ఫ్రెట్లు జరిగి డి పట్టుకుంటే కుదుటపడుతుంది. ఆ డి ని వంచి ఇ దాకా లాగావంటే, ఎ మైనర్ మీద హాయిగా కూర్చుంటుంది, ఎఫ్ మీద మాత్రం ఇంకెక్కడికో పోవాలన్నట్టు గుంజుతుంది. ఆ గుంజుడూ కావాలి సుమా, తెలిసి వాడుకుంటే.

ఇన్ని కట్టుబాట్లుంటే మనోధర్మానికి చోటెక్కడిదంటావేమో. కల్పనస్వరాలు వేసేవాళ్లు ఎంత దూరం పోయినా ఎత్తుకున్న పంక్తి ఎత్తుగడకు ఠంచనుగా వచ్చి వాలాలి. వాలే చోటు తెలుసు కనకే అంత దూరం పోగలుగుతారు.

ఇక నువ్వు చేయాల్సింది, ముందు పాడి తరవాత వాయించడం. గొంతు బాగోదని తప్పించుకోకు, కూనిరాగం చాలు. ఖాళీ జి నుంచి తొమ్మిదో ఫ్రెట్ దాకా మూడో తీగ ఒక్కదాని మీదే ఆ ఐదు స్వరాలూ దొరుకుతాయి. కొన్నాళ్లు మిగతా తీగల జోలికి పోకు. ఆ నాలుగు కార్డులకూ ముందు పాడు, పాడిందే వాయించు. రికార్డు చేసి పంపు. వేళ్లు ఎక్కడ గొంతును దాటి పోయాయో చెబుతాను.

మావయ్య